నేతగాని యిల్లు

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఆహ్వానసంఘమువారు మమ్ము గృహనిర్మాణమును గూర్చి ప్రసంగింపుడని కోరినప్పుడు కొందఱు మిత్రులు శంకించిరి. మహాసభలలో విద్యను గూర్చియు, ఐకమత్యమును గూర్చియు మాటలాడుదురు గాని, ఇసుక, ఇటుక, సున్నములను గూర్చి యీ వేదికనుండి మాటలాడుట తగునా యని వారి సందేహము. తగునని మా యభిప్రాయము. ఏలయన, ఇతరులకు ఇల్లు పని ముగించుకొని వచ్చి విశ్రమించు తావు. మనకు ఇల్లే కార్ఖానా. తెల్లవాఱినది మొదలు దీపములు పెట్టువఱకు మనవాడు కూర్చుండునది ఆ గుంతయొద్దనే. ఇల్లాలు కండెలు చుట్టునది ఆ పంచలోనే. ఇల్లు కట్టుటలో నొక పొరపాటు జరిగినచో ఇతరులకు నిద్ర చెడును. మనకు నిద్రయు చెడును, కూలియు పోవును.

మన వీధులలో మట్టిమిద్దెలు ఒకటొకటిగా పోయి సిమెంటు కప్పులు లేచుచున్నవి. సంతోషమే. కాని మేము చూచిన క్రొత్త యిండ్లలో పెక్కింటి తీరు ఇట్లున్నది: ముందు గది చుట్టములకు, నడిమి గది టెలివిజనునకు, వంటయింటికి నునుపు రాళ్లు, వీధివైపు గోడకు రంగురంగుల సోకులు. మగ్గ మేదీ యని యడిగినచో వెనుక సందులో రేకుల క్రింద చూపుదురు. ఇంటికి అన్నము పెట్టు వస్తువును ఇంటి వెనుకకు నెట్టుట తగదు. నేతగాడు ఇల్లు కట్టదలచినప్పుడు మొదట మగ్గమును కొలిచి, దానికి గది గీచి, మిగిలిన స్థలములో తన కాపురమును సర్దుకొనవలెను. ఈ మాటను వివరించుటకే మేమీ సభలో నిలుచుంటిమి.

మగ్గపు కొలత యనగా గుంతకొలత మాత్రమే యని తలపరాదు. గుంత, దాని కావల పడుగు చుట్టియుండు దుంగ, ఈవల నేయువాడు కూర్చుండు చోటు, ప్రక్కన నొక మనుష్యుడు పడుగు సరిచేయుటకు వంగి నిలుచుండు దారి, ఇవన్నియు గలిపి చూచినచో పట్టుచీరె మగ్గమునకు పండ్రెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు లేనిదే ఊపిరాడదు. ఎత్తునుగూర్చి మఱింత జాగ్రత్త వలయును. ధర్మవరపు చీరె కొంగు, అంచు, బుటా అన్నియు జాకార్డు పెట్టెమీద నాధారపడియున్నవి. ఆ పెట్టె, దాని యట్టలు వ్రేలాడు తావు, పైకెక్కి యట్టలు మార్చువాని తల, ఇవి కప్పునకు తగులరాదు. మేస్త్రి యలవాటుచొప్పున పది యడుగులకు కప్పు వేసిపోవును. తరువాత నేతగాడు జాకార్డు పట్టకపోగా గుంతను ఇంకను లోతు త్రవ్వును. కప్పును పైకి లేపలేక భూమిని క్రిందికి దింపుట యన్నమాట! మీ మగ్గమును జాకార్డుతో గూడ మీరే కొలిచి, ఆపై మూరెడు విడిచి, ఆ సంఖ్యను కాగితముపై వ్రాసి మేస్త్రి చేతి కిండు. నోటిమాట చాలదు.

స్థలము చాలనివారి సంగతి ఏమని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. 2020 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము పంచిపెట్టిన యిండ్లస్థలములు పట్టణములలో ఒక సెంటు, గ్రామములలో ఒకటిన్నర సెంటు చొప్పున నుండెను. సెంటనగా 48 గజములకు కొంచెము హెచ్చు, అనగా సుమారు 435 చదరపుటడుగులు. ఇందులో ఒక మగ్గమే 96 అడుగులు తినును. రెండు మగ్గములైనచో, గోడలు పోగా మిగిలిన దానిలో సగము మగ్గములదే. ఇట్టి చోట వేఱు హాలు, వేఱు మగ్గపుగది యని పేర్లు పెట్టుకొనుట వ్యర్థము. ముందుగదియే మగ్గపుగది కావలెను. జాకార్డు లేని వైపున గోడనంటి యటక వేసికొన్నచో సామాను పైకి పోవును. మెట్లు ఇంటి వెలుపలినుండి పెట్టి, శక్తి కలిగిననాడు పైన పండుకొను గది వేసికొనవచ్చును. వచ్చిన చుట్టములు మగ్గముప్రక్కనే కూర్చుందురు గాక. చీరె నేయుచుండగా చూచిపోవుట చిన్నతనమేమియు గాదు.

ఇక గుంతకు వత్తము. మన ప్రాంతమున సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడును. ఈ కొఱతయే మనలను మోసగించుచున్నది. వాన లేని దేశములో కాలువ యెందుకని నిర్లక్ష్యముగా కట్టుదుము. ఆ కొద్దిపాటి వానయు సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు మాసములలో నాలుగైదు రాత్రులలో నొక్కుమ్మడిగా కురియును. 2021 నవంబరులో చిత్రావతి పొంగినప్పటి సంగతి మీలో పెక్కండ్రు కన్నులార చూచినదే. అట్టి రాత్రులలో నీరు ఇంటిలోనికి మోకాలిలోతు రానక్కఱలేదు; గడప దాటి రెండంగుళములు వచ్చిన చాలును, ఊరిలో నన్నిటికంటె పల్లమైన చోటు మన మగ్గపుగుంతయే గనుక అది నిండును. పడుగు తడియును, కఱ్ఱ ఉబ్బును, దిగువ కట్టిన త్రాళ్లు చెడును. నీరు తోడిన పిమ్మటను గుంత ఆఱుటకు దినములు పట్టును. అంతవఱకు కూలి లేదు.

దీనికి ప్రతిక్రియ సులభము, కాని పునాదినాడే చేయవలెను. గుంత రెండున్నర యడుగుల లోతైనచో ఇంటి యరుగును వీధిమట్టమునకు మూడడుగులు ఎత్తుగా లేపుడు. అప్పుడు గుంత యడుగు సైతము వీధికంటె ఎత్తుననే యుండును. నీరు వచ్చుటకు దారియే లేదు. మట్టి తోలుటకు నాలుగు బండ్లు హెచ్చగును గాక, వెనుదీయకుడు. ఇచట మఱియొక సంగతి. వీధిమట్టమనగా నేటి మట్టము కాదు. పురపాలకులు సిమెంటురోడ్డు వేసిన ప్రతిసారియు పాతదానిపైననే క్రొత్తది పోయుదురు. ఇరువదేండ్లలో వీధి లేచును, ఇల్లు కుంగినట్లు కనబడును. ధర్మవరములో ఒకప్పుడు మూడు మెట్లెక్కి పోయిన యిండ్లలోనికి నేడు ఒక మెట్టు దిగి పోవలసివచ్చుట మీరెఱుగుదురు. కావున ఒక యడుగు ముందుచూపుగా కలుపుకొనుడు. అరుగు లేపుటకు వీలు లేని పాతయిండ్లలో గుంత నాలుగు ప్రక్కలను అడుగును కంకరసిమెంటుతో కట్టి, లోపల నీరూఱని పూత పూసి, ఒక మూల చెంబెడు గొయ్యి విడువుడు. చేరిన నీరు అందులోనికి జాఱును, తోడుట సులభము.

గుంతను గోడనానించి త్రవ్వువారు కలరు. ఇది ప్రమాదము. గుంత యడుగు గోడ పునాది యడుగుకంటె క్రిందికి పోరాదు. పోవలసివచ్చినచో ఎంత క్రిందికి పోవునో కనీసము అంత దూరమైనను గోడకు ఎడముగా జరుపుడు. పాతమిద్దెల పునాదులు తఱచు మోకాలిలోతే యుండును. అట్టి గోడప్రక్క మూడడుగులు త్రవ్వినచో గోడ కాళ్లక్రింది మన్ను మనమే లాగివేసినట్లగును.

వెలుతురునుగూర్చి రెండు మాటలు. జరీపోగుపై ఎండ సూటిగా పడినచో కన్ను చెదరును. వెలుతురు లేనిచో పోగు కనబడదు. ఉత్తరపు కిటికీనుండి వచ్చు వెలుతురు దినమంతయు నొక్కతీరుగా నుండును. మగ్గమునకు అదియే శ్రేష్ఠము. కిటికీ నేయువాని ప్రక్కనుండవలెను గాని వీపువెనుక నుండరాదు. వెనుకనున్నచో వాని నీడయే చీరెపై పడును. వాస్తువేత్త వేఱు మూల చెప్పినచో ఏమి చేయుదుమని కొందఱడుగుదురు. మేము శాస్త్రముతో జగడమాడము. కాని చీకటిమూలలో ముప్పదేండ్లు కూర్చున్నవాని కంటికి ఏ శాస్త్రమును సాయము రాదు. సింహద్వారము, పూజామందిరము, పొయ్యి మీ యిష్టప్రకారము పెట్టుకొని, మగ్గమును మాత్రము కిటికీకి విడిచిపెట్టుడని మా మనవి. పొయ్యిపొగ పట్టును చెఱచును గనుక వంటయింటికిని మగ్గపుగదికిని నడుమ గోడ తప్పక యుండవలెను. కండెలు చుట్టు స్త్రీలకు గాలి వచ్చు పంచ నొకటి విడువుడు. ఇల్లు గీయునప్పుడు వారి కూర్చుండు చోటు నెవరును లెక్కలోనికి తీసికొనరు.

వేడి యింకొక శత్రువు. హిందూపురము ఎత్తుననున్న ఊరు. అచటి వేసవి కొంత నయము. ధర్మవరమున ఎండ నలువది డిగ్రీలను తాకును. నాలుగైదంగుళముల సిమెంటుకప్పు పగలంతయు వేడి త్రాగి రాత్రి మనమీద గ్రక్కును. రేకులసంగతి చెప్పనేల! పొడి వేడిలో పట్టుపోగు పెళుసెక్కి తెగును. తెగిన ప్రతి పోగు నతుకుటకు పొద్దు పోవును. కప్పుపైన ప్రతి సంవత్సరము మాఘ ఫాల్గుణములలో దట్టముగ తెల్లసున్నము పూయుడు. ఖర్చు స్వల్పము, గుణము వెంటనే తెలియును. శక్తిగలవారు కప్పుమీద ఇటుకముక్కలు, సున్నము కలిపి నాలుగంగుళముల దిమ్మిస వేయించుకొనవచ్చును. అయితే ఆ బరువును మోయునట్లు కప్పును ముందే కట్టియుండవలెను. పడమటిగోడకు కిటికీలు తగ్గించి, వీలైనచో నొక వేప, ఒక కానుగ నాటుడు.

ఇచట పాతమిద్దె నొకసారి స్మరింపవలసియున్నది. దూలములు, దంతెలు, పైన బండలో కఱ్ఱలో పఱచి, ఆపై మట్టి, ఆపై చౌడు వేసి తొక్కిన మిద్దెలలో మన పెద్దలు వేసవి నెట్లు గడపిరో మనమెఱుగుదుము. మందపు మట్టిగోడ పగటి వేడిని లోనికి రానీయదు, గుంతలో చల్లదనము నిలుపును. క్రొత్త యిల్లు కట్టుకొన్నవారు కొందఱు ఎండకాలమున మగ్గమును తిరిగి పాతమిద్దెకు మార్చుకొనుట మేమెఱుగుదుము. కావున మిద్దె యనగానే పడగొట్టవలెనను తొందర వలదు. దానిలోని దోషమును మాత్రము దాచరాదు. ఏటేట చౌడు వేయుదుము గాని పాతపొర తీయము. పది యడుగుల చదరపు గదిపైన అడుగు మందము మట్టి చేరినచో అది సుమారు అయిదు టన్నుల బరువు. వానకు తడిసినచో ఇంకను హెచ్చు. ముసురు పట్టి నాలుగుదినములు విడువని వానలలో మిద్దెలు కూలుటకు కారణ మిదియే. క్రొత్త చౌడు వేయుటకు ముందు పాతది గీకివేయుడు. దూలము గోడలో దూరు చోట ఉలితో పొడిచి చూడుడు. చెదలు, కుళ్లు ఆరంభమగునది అచటనే, పైకి కనబడదు. ఉలి మెత్తగా దిగినచో ఆనాడే క్రింద గుంజ నిలుపుడు. మట్టిగోడకు సిమెంటుపూత పూయకుడు. గోడలోని చెమ్మ బయటికి పోలేక లోపల నిలిచి, పూత పెచ్చులుగా నూడిపోవును. సున్నపుపూత గోడను ఊపిరి పీల్చనిచ్చును. 1565 నాటి తళ్లికోట యుద్ధము తరువాత విజయనగరపు రాజులకు రాజధానియైన పెనుకొండలో రాయిని సున్నమును నమ్మి కట్టిన కట్టడములు నేటికిని కన్నులయెదుట నిలిచియున్నవి. సున్నమును బీదవాని వస్తువని చిన్నచూపు చూడకుడు.

మట్టితో కట్టిన గోడలపై సిమెంటుకప్పు పోయుట, పాతపునాదిపై రెండవ అంతస్తు లేపుట, ఈ రెండింటిని మేము కచ్చితముగా నిషేధించుచున్నాము. 2021 నవంబరు వానలలోనే కదిరిపట్టణమున కట్టుచున్న భవనమొకటి ప్రక్కయింటిపై కూలి, పసిపిల్లలు సైతము ప్రాణములు కోల్పోయిరి. మన యింటి బలము మన స్వంతవిషయము మాత్రమే కాదు. మరమగ్గములు పెట్టినవారు వానిని మేడమీద నుంచరాదు. వాని యదురు గోడలకు పగుళ్లు తెచ్చును.

కాంక్రీటును గూర్చి గ్రంథము చెప్పబోము. మేస్త్రిని నమ్ముడు, కాని మూడు చోట్ల దగ్గఱనుండి చూడుడు. మొదటిది నీరు. ఒక బస్తా సిమెంటునకు, అనగా 50 కిలోలకు, 30 లీటర్లు మించరాదు. పోయుటకు జారుగా నుండవలెనని కూలీలు గొట్టముతో నీరు వదలుదురు. ఆ హెచ్చునీరు ఎండిపోయినచోట కంటికి కానరాని బెజ్జములు మిగులును, ఇనుము తుప్పుపట్టును. ఉప్పునీటి బోరునీరు కలుపరాదు. రెండవది తడుపు. మన యెండలో కప్పును పదినాళ్లకు తగ్గక తడుపవలెను. నేడు హెచ్చుగా దొరకు బూడిద కలిసిన సిమెంటునకు పదునాలుగు దినములు. మట్టితో చిన్నగట్లు కట్టి నీరు నిలుపుట మేలు. మూడవది ఊతలు. పదునాలుగడుగుల లోపు కప్పునకు ఏడు దినములు, అంతకు మించినదానికిని దూలములకును పదునాలుగు దినములు ఊతకఱ్ఱలు కదలరాదు. సెంట్రింగువానికి వేఱొకచోట పని యుండి తొందరపెట్టును. వాని తొందర మీ కప్పునకు లేదు. ఇసుకను గాజుసీసాలో నీటితో కలిపి కుదిపి నిలుపుడు. పైన తేరిన ఒండ్రు నూటికి ఎనిమిది పాళ్లు మించినచో కడిగి వాడుడు.

ఇటీవల జాకార్డును కరెంటుమోటారుతో లేపుచున్నారు. కాలికి శ్రమ తగ్గినది, మంచిదే. కాని చెమ్మగల గుంతలో కాళ్లుంచి, తలపైన కరెంటు నడపుట చెలగాటము కాదు. మగ్గపుగదికి వేఱు తీగ, సరియైన ఎర్తు, ముప్పది మిల్లీఆంపియర్లకే తెగిపోవు రక్షణస్విచ్చి, ఇవి లేని మోటారును పెట్టకుడు. ఆ స్విచ్చి వెల నాలుగు చీరెల కూలి కాదు.

ఇక చిట్టచివరిదియు మిక్కిలి ముఖ్యమైనదియు నగు సంగతి, ధనము. పట్టు, జరీ కొనవలసిన మొత్తమును ఇంటి గోడలలో పెట్టినవాడు క్రొత్త యింటిలో ఖాళీమగ్గముతో కూర్చుండును. సావుకారువద్ద అడ్వాన్సు తీసికొని కట్టినవాడు ఆ బాకీ తీరువఱకు వేఱొకరికి నేయలేడు, కూలి హెచ్చింపుమని నోరు తెఱువలేడు. రెండు లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు ఆఱువేలు వడ్డీయే. అసలు అట్లే యుండును. ఆ యాఱువేలు ఎన్ని చీరెల కూలియో మీరే లెక్కింపుడు. అప్పులబాధచే ప్రాణములు తీసికొన్న నేతగాండ్ర వార్తలు ధర్మవరమునుండి పలుమాఱులు వచ్చినవి. ఆ యప్పులలో ఇంటిఅప్పుయు, పెండ్లియప్పుయు చేరియుండుట మనకు తెలియనిది కాదు. కావున రెండు వార్పుల పట్టు సొమ్మును, ఆఱు నెలల గ్రాసమును వేఱుగా దాచి, మిగిలినదానితోనే పునాది త్రవ్వుడు. చాలనిచో మగ్గపుగది, వంటయిల్లు, మఱుగుదొడ్డి ముందు కట్టుకొని, తక్కినది తరువాత కట్టుకొనుడు. స్తంభముల యినుమును పైకి విడిచినప్పుడు పలుచని సిమెంటుతో కప్పుడు. లేనిచో మూడేండ్లలో తుప్పు తినును. మేస్త్రితో ఒడంబడిక వ్రాతమూలకముగా చేసికొని, పని జరిగినకొలది సొమ్మిచ్చి, చివరి భాగమును మొదటి వాన కప్పుమీద కురిసి పోవువఱకు నిలుపుకొనుడు. వీధిగోడ సోకు కడపట చేయదగినది; చేయకున్నను చీరె నేయుట ఆగదు.

మహాపోషకులకు రెండు మనవులు. అనుభవముగల ఇంజనీరుచేత ఒక సెంటు, ఒకటిన్నర సెంటు, మూడు సెంట్ల స్థలములకు మగ్గముతో గూడిన యిండ్ల పటములు గీయించి, సంఘకార్యాలయమున నుంచి, కోరినవారి కుచితముగా నీయవలెను. గీయువాడు ముందుగా ఒక దినము మగ్గము ముందు కూర్చుండి చూడవలెను. రెండవది, నీరు తోడు పంపులు మూడు కొని, ధర్మవరమున నొకటి, హిందూపురమున నొకటి, పెనుకొండ సోమందేపల్లి ప్రాంతమునకు నొకటి యుంచవలెను. కరెంటు పోయిన రాత్రియే వీనితో పనిబడును గనుక డీజిలుతో నడచునవి కావలెను. ఏ పంపు ఎవరి యింట నుండవలెనో, తాళము ఎవరియొద్ద నుండవలెనో ఈ సభయందే వ్రాసికొన్నచో, గుంతలు నిండిన రాత్రి తాళము కొఱకు వీధులు వెదకు పని యుండదు.